విండో వచ్చింది, పనేదీ?

రాత్రి పని సగంలో వదిలేసి కంప్యూటర్ కట్టేస్తారు. పొద్దున ఆన్ చేసేసరికి నిన్నటి బ్రౌజరూ, ఫైళ్ల ఫోల్డరూ ఎవరూ పిలవకుండానే తెర మీదికొచ్చి కూర్చుంటాయి. వెంటనే పుట్టే అనుమానం: వైరస్ గానీ దూరిందా?

దూరలేదు. విండోస్ 10కి 2017 అక్టోబరులో వచ్చిన అప్‌డేట్ నుంచి ఈ అలవాటు మొదలైంది. మూసే ముందు ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో గుర్తుంచుకుని, లాగిన్ కాగానే మళ్లీ తెరుస్తుంది. జనం విసుక్కున్నాక 2020 మే అప్‌డేట్‌లో దీనికి విడిగా స్విచ్ పెట్టారు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్ ఇన్ ఆప్షన్స్‌కి వెళ్తే కనబడుతుంది. మాక్ వాళ్లకిది 2011లో లయన్ అనే వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. షట్‌డౌన్ నొక్కగానే వచ్చే చిన్న పెట్టెలో టిక్ తీసేస్తే సరి.

భయపడేవాళ్ల కన్నా నమ్మేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. "విండో తిరిగొచ్చిందంటే అందులో రాసుకున్నదీ భద్రమే" అన్నదే ఈ వ్యవహారంలో పెద్ద అపోహ. సిస్టమ్ చేసే పని చాలా చిన్నది. ఏ ప్రోగ్రామ్ అయినా "నన్ను మళ్లీ తెరువు" అని ముందే నమోదు చేసుకుంటే, దాన్ని తెరుస్తుంది. అంతే. నమోదు చేసుకోనివి రావు. వచ్చినవాటి లోపల ఏముంటుందన్నది సిస్టమ్ చేతిలో లేదు, ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ల శ్రద్ధను బట్టే ఉంటుంది.

ఆ శ్రద్ధ అందరిలో ఒకేలా లేదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ మామూలు సెట్టింగ్‌లో ప్రతి 7 సెకన్లకూ ఒక నకలు తీసి పెడుతుంది. పేరు కూడా పెట్టని ఫైలు మర్నాడు అక్షరం పోకుండా కనబడేది అందుకే. విండోస్ 11లో మామూలు నోట్‌ప్యాడ్‌కి ఈ బుద్ధి 2023లో గానీ రాలేదు. ఫైర్‌ఫాక్స్ 15 సెకన్లకోసారి ట్యాబుల జాబితా రాసుకుంటుంది, ప్రైవేట్ విండోని మాత్రం వదిలేస్తుంది. సగం నింపిన దరఖాస్తు ఉన్న ట్యాబు తిరిగొచ్చినా, అవతల సర్వర్‌లో లాగిన్ గడువు తీరిపోతే మళ్లీ లాగిన్ కావాల్సిందే. వర్డ్ అయితే 10 నిమిషాలకోసారి నకలు తీస్తుంది. అంటే తొమ్మిదో నిమిషంలో కరెంటు పోతే ఆ తొమ్మిది నిమిషాల టైపింగూ పోయినట్టే. అయితే తొందరలో "డోంట్ సేవ్" నొక్కినవాళ్లు ఆశ వదులుకోనక్కర్లేదు. ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్ వరసలో వెతికితే వర్డ్ చివరిసారి తీసిన నకలు దొరికే అవకాశం ఉంది.

ఈ జాగ్రత్త నిన్నమొన్నటిది కూడా కాదు. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో జోడీ కట్టి ఏళ్లపాటు ఏలిన పేజ్‌మేకర్, పేజీ మారినప్పుడల్లా చడీచప్పుడు లేకుండా ఒక చిన్న సేవ్ చేసుకునేది. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో!

"లినక్స్‌లో ఇలాంటివి ఉండవు" అనేవాళ్లకు ఒక్క మాట. అక్కడ తెర మీద విండోలను చూపించే ఎక్స్ విండో సిస్టమ్‌లో సెషన్ దాచే పద్ధతిని 1994లోనే రాసిపెట్టారు. మూసే ముందు ప్రతి ప్రోగ్రామ్‌కీ "సేవ్ యువర్‌సెల్ఫ్" అనే సందేశం వెళ్లేది. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్ లాగౌట్ పెట్టెలో ఇప్పటికీ దానికో టిక్కు ఉంటుంది. ఎక్స్ స్థానంలో వచ్చిన వేలాండ్‌కి మారేసరికి ఆ పాత ఏర్పాటు పనికిరాక, విండోల స్థానాలు గుర్తుంచుకునే పద్ధతిని కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది.

ఇక షట్‌డౌన్ సంగతి. "రీస్టార్ట్ పైపై పని, షట్‌డౌన్ చేస్తేనే కంప్యూటర్ శుభ్రంగా మొదలవుతుంది" అని చాలామందికి గట్టి నమ్మకం. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న విండోస్‌లో జరిగేది సరిగ్గా తలకిందులు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఈ సదుపాయం, షట్‌డౌన్ చేసినప్పుడు మన ప్రోగ్రాములను మూసేసి, సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌ని మాత్రం డిస్క్ మీద దాచి, మర్నాడు దాన్నే లేపుతుంది. పూర్తిగా మొదటి నుంచి మొదలయ్యేది రీస్టార్ట్‌లోనే. అనుమానముంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ నొక్కి "అప్ టైమ్" చూడండి. రోజూ రాత్రి కట్టేసే కంప్యూటర్ కూడా రోజుల తరబడి ఆగకుండా నడుస్తున్నట్టు చూపిస్తుంది. నిజంగా కట్టేయాలంటే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలి.

స్లీప్, హైబర్నేట్ రెండూ ఒకటేననుకోవడం ఇంకో పొరపాటు. స్లీప్‌లో పనంతా ర్యామ్‌లోనే ఉంటుంది, కాబట్టి కరెంటో బ్యాటరీయో అయిపోతే అదీ అయిపోతుంది. హైబర్నేట్ ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీదికి రాసేసి కరెంటు అక్కర్లేకుండా పడుకుంటుంది. కరెంటు పోయినా సగం రాసిన వాక్యం, కర్సర్ ఆగిన చోటుతో సహా తిరిగొచ్చేది ఇందులోనే. అలాగని ఫైలు సేవ్ అయినట్టు కాదు. లేచేటప్పుడు సిస్టమ్ తడబడితే ఆ వాక్యానికి దిక్కులేదు. ఇంత పనికొచ్చేదాన్ని విండోస్ 11 మాత్రం పవర్ మెనూలో మామూలుగా చూపించదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట హైబర్నేట్ పక్కన టిక్ పెట్టుకోవాలి.