సూదికీ దున్నకీ నడుమ 21 రోజులు

గేదె ఎదకు వచ్చిందని కనిపెట్టడం, అందులోనూ ఎండాకాలంలో, పాడి ఇంట్లో అన్నిటికన్నా గడ్డు పని. ఆవు దాచుకోదు. అరుస్తుంది, మేత ముట్టదు, పక్కదాని మీదికి ఎక్కుతుంది. గేదె తెల్లవారుజామున ఒకటి రెండుసార్లు అరిచి, మాటిమాటికీ కాస్త కాస్త మూత్రం పోసి, పాలు ఓ గ్లాసు తక్కువ ఇచ్చి, పొద్దెక్కేసరికి ఏమీ ఎరగనట్టు నెమరు వేస్తూ పడుకుంటుంది. పశువైద్యులు దీన్నే మూగ ఎద అంటారు. రైతు కంట పడకపోతే సూది, అంటే కృత్రిమ గర్భధారణ, చేయించే మాటే లేదు. మళ్లీ 21 రోజులు ఆగాలి. ఆ మూడు వారాల మేత, దాణా ఖర్చు రైతు నెత్తిమీదే.

దున్నపోతుకు ఈ తిప్పలు లేవు. వాసనతోనే పసిగడుతుంది, అర్ధరాత్రయినా సరే. పల్లెల్లో ఎద సూదులు వచ్చి దశాబ్దాలు గడిచినా దున్నపోతుల్ని, ఆంబోతుల్ని జనం వదులుకోకపోవడానికి ఇదే పెద్ద కారణం. సూదే మేలని, దున్నే మేలని వాదించుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు గానీ, మంద బాగుపడాలంటే రెండూ కావాలి. అయితే రెండింటి మధ్యా తేదీల లెక్క ఉండాలి. మన పాడి ఇళ్లలో చాలాచోట్ల కొరవడింది ఆ లెక్కే.

సూది ఎందుకు కావాలో ముందు చూద్దాం. దేశంలో కృత్రిమ గర్భధారణ మొదలైంది 1939లో, మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో. వీర్యాన్ని గడ్డకట్టించి ఏళ్ల తరబడి నిలవ ఉంచే పద్ధతి ఆ తర్వాత పదేళ్లకు ఇంగ్లండులో రూపు దిద్దుకుంది. ఆంబోతు ఒక్కసారి ఇచ్చే వీర్యంతో వందల డోసులు తయారవుతాయి. అదే ఆంబోతును మందలోకి వదిలితే ఏడాదికి యాభై అరవై ఆవులకు మించి చూడి కట్టించలేదు. తల్లి ఎన్ని పాలిచ్చిందో, కూతుళ్లు ఎన్ని ఇస్తున్నాయో తెలిసిన మేలుజాతి ముర్రా దున్నను ఓ చిన్నరైతు కొనడం, మేపడం అయ్యే పని కాదు. నంద్యాల, విశాఖపట్నం, కరీంనగర్ వీర్య కేంద్రాల నుంచి వచ్చే స్ట్రా అనే వీర్యపు గొట్టం మాత్రం అతని కొట్టం దాకా వస్తుంది.

ఆ స్ట్రా అగ్గిపుల్ల కన్నా సన్నం. పట్టేది పావు మిల్లీలీటరు. అందులోనే సుమారు 2 కోట్ల వీర్యకణాలు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిద్రపోతూ ఉంటాయి. ఊళ్లో సూది వేసే గోపాలమిత్ర పట్టకారుతో స్ట్రాను బయటికి తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచి, తడి పూర్తిగా తుడిచి, కొస కత్తిరించి, పొడవాటి స్టీలు గన్‌లో అమర్చి పైన ప్లాస్టిక్ తొడుగు వేస్తాడు. ఎడమ చెయ్యి పేడదారిలోంచి పోనిచ్చి గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకుంటాడు. కుడిచేత్తో గన్‌ను జననమార్గం గుండా ఆ ద్వారం దాటించి అక్కడే మెల్లగా వదులుతాడు. నీళ్లు మరీ వేడెక్కినా, స్ట్రాకు తడి అంటినా, డబ్బాలో నత్రజని అడుగంటినా లోపలి కణాలు చచ్చిపోతాయి. బయటికి మాత్రం అన్నీ సవ్యంగా జరిగినట్టే కనిపిస్తుంది.

వేళ ఇంకా ముఖ్యం. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున సూది వేయించాలన్నది పాత లెక్క. ఎద తగ్గాక పది పన్నెండు గంటలకు అండం విడుదలవుతుంది. విడుదలయ్యాక కొద్ది గంటలే పనికొస్తుంది. అంతా సరిగ్గా చేసినా పల్లెల్లో మొదటి సూదికి నూటికి ముప్పై అయిదు, నలభై పశువులు చూడి కట్టడమే మామూలు. మిగిలినవి తిరిగి పొర్లుతాయి. దున్న అవసరం వచ్చేది అక్కడే.

సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, పొద్దున సూది వేయించి, మధ్యాహ్నం అదే పశువును దున్న తిరిగే మందలోకి తోలడం. ఎలాగోలా చూడి కడితే చాలనే ఆత్రమే దీనికి కారణం. చూడి కట్టినా అది సూదిదో దున్నదో ఇక ఎవరూ చెప్పలేరు. దూడ నాసిగా పుడితే సూది వేసినవాడి మీద నింద. పెయ్య పెరిగి బాగా పాలిస్తే ఏ తండ్రి వల్ల ఇచ్చిందో తెలియదు కాబట్టి ఆ తండ్రినే మళ్లీ ఎంచుకునే వీలుండదు. సూదికి పెట్టిన ఖర్చులో విలువైన భాగం, అంటే వంశం తెలియడం, అక్కడే పోతుంది.

సూది వేయించిన పశువును ఆ రోజు నుంచి కనీసం రెండు వారాలు దున్నకు దూరంగా కట్టేయాలి. ఎద చక్రం 21 రోజులు కనుక, నిలవకపోతే 18 నుంచి 24 రోజుల మధ్య మళ్లీ ఎదకు వస్తుంది. అప్పుడు రెండో సూది వేయించవచ్చు. అదీ తప్పితే మూడోసారికి దున్నతో దాటించవచ్చు. గేదె మోసేది సుమారు 310 రోజులు. ఈనిన తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తే సూది నాటి దూడకూ, మూడు వారాల తర్వాత దాటించిన దూడకూ తేడా చాలావరకు తెలిసిపోతుంది. మూడో నెలలో చూడి పరీక్ష చేయిస్తే అనుమానం ఇంకా తగ్గుతుంది. దీనికి పెద్ద పుస్తకమేమీ అక్కర్లేదు. గోడ క్యాలెండర్‌లో తేదీ చుట్టూ ఓ సున్నా చుట్టి, వాడేసిన స్ట్రాను అడిగి తీసుకుని, దాని మీద ముద్రించిన ఆంబోతు నంబరు పక్కన రాసుకుంటే చాలు.

ఈ లెక్కను వేల పశువుల మీద అమలు చేసి చూపించిన దేశం బ్రెజిల్. అక్కడి మాంసపు మందల్లో అత్యధికం నెలోర్ జాతి. వాటి మూలం మన ఒంగోలు పశువులే. 1960ల్లో ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లిన ఆంబోతు పేరు అక్కడి వంశావళుల్లో నేటికీ కనిపిస్తుంది. నెలోర్ ఆవు ఎద పది పన్నెండు గంటలే, అదీ చాలావాటికి రాత్రివేళే. వందలాది ఆవులున్న బీళ్లలో ఎవరు కాపలా కాస్తారు? అందుకని వాళ్లు ఎద కనిపెట్టడమే మానేశారు. ఆవులన్నిటినీ ఒకేరోజు దొడ్లోకి తోలి, యోనిలో ప్రొజెస్టరాన్ పరికరం అమరుస్తారు. ఎనిమిదో రోజు తీసేసి హార్మోను ఇంజెక్షన్లు ఇస్తారు. పదో రోజు ఎద కనిపించినా కనిపించకపోయినా అన్నిటికీ సూది వేస్తారు. దాదాపు సగం చూడి కడతాయి.

అసలు నేర్పు ఆ తర్వాతే. ఆంబోతుల్ని వెంటనే వదలరు. పది పదిహేను రోజులు ఆగి వదులుతారు. సూది నిలవని ఆవులు మూడు వారాలకు ఎదకు వచ్చేసరికి ఆంబోతు సిద్ధంగా ఉంటుంది. నెల రోజులకే స్కానింగ్ చేసి సూది చూళ్లను విడిగా గుర్తిస్తారు. సూదే లేకపోతే నూరు ఆవులకు నాలుగు ఆంబోతులు కావాలి. సగం ముందే చూడి కట్టాయి కనుక రెండు సరిపోతాయి. దూడలన్నీ కొద్ది వారాల తేడాతో పుడతాయి కాబట్టి టీకాలు, పాలు మాన్పించడం, అమ్మకం కూడా ఒకే ఊపులో సాగుతాయి.

మన రైతుకు వంద ఆవులుండవు, నాలుగు గేదెలుంటాయి. అయినా ఊరంతటినీ ఒక మందగా చూస్తే ఇదే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. పెద్ద ఫారాల్లో మరో ఉపాయం ఉంది. వీర్యనాళం కత్తిరించిన దున్నను ఉదయం, సాయంత్రం పశువుల మధ్య తిప్పుతారు. అది ఎదను పసిగడుతుంది గానీ చూడి కట్టించలేదు. అది చూపించిన పశువుకు సూది వేస్తారు. మూగ ఎదకు ఇంతకన్నా నమ్మకమైన విరుగుడు దొరకడం కష్టం.

ఊరి దున్న విషయంలో భయపడాల్సింది రోగాలకు. ట్రైకోమోనియాసిస్, విబ్రియోసిస్ సోకిన ఆంబోతు పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. దాటిన ఆవులు మాత్రం వరసగా తిరగపొర్లుతాయి, కొన్ని తొలి నెలల్లోనే పిండాన్ని పోగొట్టుకుంటాయి. బ్రూసెల్లోసిస్ ఉంటే చివరి నెలల్లో ఈసుకుపోతాయి. పడిపోయిన పిండాన్ని, మాయను వట్టిచేతులతో ఎత్తిన ఇంటివాళ్లకూ ఆ రోగం అంటుకుంటుంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు పెయ్యలకు, పడ్డలకు జీవితంలో ఒక్కసారి బ్రూసెల్లోసిస్ టీకా వేయిస్తే చాలు. దున్నకు మాత్రం రక్తపరీక్ష తప్పనిసరి. వీర్య కేంద్రాల్లో ఆంబోతులకు ఈ రోగాల పరీక్షలు క్రమం తప్పకుండా చేస్తారు. సూదికి ఉన్న పెద్ద బలాల్లో ఇదొకటి, దీని గురించి రైతులకు చెప్పేవాళ్లే తక్కువ.

జాతి ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. పొట్టి పుంగనూరు ఆవుకు హోల్‌స్టీన్ సూది వేయిస్తే ఈనేటప్పుడు తల్లి ప్రాణానికే ముప్పు. మంచి ఒంగోలు ఆవుకు జెర్సీ స్ట్రా వేయించడమంటే ఆ ఇంట ఆ జాతి అక్కడితో తెగిపోవడమే. ఒంగోలుకు ఒంగోలు స్ట్రా కావాలని అడిగి వేయించుకోవాలి.

దున్న ఒకే ఊళ్లో ఎక్కువకాలం ఉన్నా చిక్కే. మూడేళ్లు దాటేసరికి దాని కూతుళ్లే ఎదకు వస్తాయి. వాటినీ అదే దాటితే దూడలు బలహీనంగా పుడతాయి, పాలూ తగ్గుతాయి. పరీక్ష చేయించిన ముర్రా దున్నను పాల సంఘం తరఫున ఒకరింట కట్టి, దాటించిన ప్రతిసారీ గేదె చెవి ట్యాగు నంబరు, తేదీ రాయించి, మూడో ఏడు రాకముందే పక్క మండలం దున్నతో మార్చుకుంటే, మొదటి దున్న కూతుళ్లు ఎదకు వచ్చేనాటికి ఊళ్లో వేరే రక్తం ఉంటుంది.