ఫ్లోరియానా ద్వీపములో స్వయంపోషక సేద్యము

దూరదేశమునకు పోయి, కొద్దిపాటి నేల బాగుచేసికొని, తినునదంతయు తామే పండించుకొని, సంతకుగాని దుకాణమునకుగాని పోవలసిన పని లేకుండ బ్రతుకవలెనను కోరిక చాలమందికి కలుగును. దానిని నిజముగా ఆచరణలో పెట్టిచూచినవారు మాత్రము కొద్దిమందియే. అట్టివారిలో ఫ్లోరియానా ద్వీపమున స్థిరపడిన జర్మనుల అనుభవము శాస్త్రవిద్యార్థులకు మిక్కిలి ఉపయోగకరమైనది. నేల ఎంతవరకు మనుష్యుని పోషింపగలదు, ఎచ్చట చేయి విడుచును అను విషయము దానివలన తేటపడుచున్నది.

ఫ్లోరియానా పసిఫిక్ మహాసముద్రమందలి గలాపగోస్ ద్వీపములలో ఒకటి. ఈక్వడార్ దేశపు తీరమునకు పడమరగా సుమారు 1,000 కిలోమీటర్ల దూరమున గలదు. వైశాల్యము 173 చదరపు కిలోమీటర్లు. బెర్లిన్ నగరపు వైద్యుడు ఫ్రీడ్రిక్ రిట్టర్, ఆయన సహచరి డోరె స్ట్రౌఖ్ 1929లో పనిముట్లు, విత్తనములు వెంటబెట్టుకొని, అప్పటికి దాదాపు నిర్జనముగానున్న ఈ దీవికి వచ్చిరి. బయలుదేరుటకు ముందే రిట్టర్ తన పండ్లన్నియు తీయించుకొని ఉక్కు పండ్లు కట్టించుకొనెనని చెప్పుదురు. దంతవైద్యుడు లేని చోటికి పోవువానికి అది ముందుచూపే కావచ్చును గాని, ఉక్కు పండ్లను చేసినది ఆ దీవి కాదు.

గ్లోబును చూచినచో ఈ దీవి భూమధ్యరేఖకు కొంచెము దక్షిణముగా కనబడును. కావున అచ్చట ఏడాది పొడుగునను ఉక్కపోత, కుండపోత వానలు ఉండునని విద్యార్థులు ఊహింతురు. కాని అట్లు కాదు. దక్షిణమునుండి పెరూ తీరము వెంబడి వచ్చు హంబోల్టు శీతలప్రవాహము ఈ ద్వీపముల వరకు చేరును. దానివలన సముద్రమును అంటియున్న గాలి చల్లబడి బరువెక్కును. దానిపైన వెచ్చని గాలిపొర మూతవలె నిలుచును. చల్లని గాలి ఆ మూతను ఛేదించుకొని పైకి పోలేదు గనుక పెద్ద మేఘములు ఏర్పడవు. తీరమున వాన బహు తక్కువ. జూన్ నుండి డిసెంబరు వరకు సన్నని మబ్బుపొర మాత్రము కొండవాలులను తాకి తుంపరగా రాలును. స్థానికులు దీనిని గరువా అందురు. కనుకనే సముద్రపుటొడ్డున జెముడు మొక్కలు, ముండ్లపొదలు పెరుగుచుండగా కొన్ని వందల మీటర్ల ఎత్తున పచ్చదనము కనబడును. 1835లో డార్విన్ ఈ దీవికి వచ్చినప్పుడు రెండు మూడు వందలమంది నివసించు ఊరు తీరమున లేదు. ఏడు కిలోమీటర్లు లోపల, సుమారు 300 మీటర్ల ఎత్తున ఉన్నది. వారచ్చట చిలగడదుంపలు, అరటి పండించుచుండిరి.

రిట్టర్ కూడ తీరమును విడిచి లోపలికి నడచి, ఒక నీటి ఊట ప్రక్కన చోటు ఎన్నుకొనెను. తమ పేర్లలోని మొదటి భాగములను కలిపి ఆ స్థలమునకు ఫ్రీడో అని పేరిడిరి.

ఇట్టి క్షేత్రమునకు ఎంత నేల కావలయునో తరగతిలోనే లెక్క వేయవచ్చును. పనిచేయు మనుష్యునికి దినమునకు 2,400 కిలోకేలరీలు కావలయుననుకొందము. సంవత్సరమునకు 8,76,000 అగును. కిలో చిలగడదుంపలలో సుమారు 860 కిలోకేలరీలు గలవు. అనగా ఏటికి ఒక టన్నుకు కొంచెము పైగా దుంపలు కావలయును. హెక్టారుకు పది టన్నులు పండిన యెడల మనిషికి పాతిక సెంట్ల నేల చాలును. వినుటకు ఇది చాల సులభముగా తోచును. కాని ఈ లెక్క ప్రకారము ఆ మనుష్యుడు దినమునకు 2.8 కిలోల దుంపలు తినవలెను! పైగా దుంపలలో కొవ్వు లేదనదగినంత తక్కువ. బి12 విటమిను దుంపలలోనే కాదు, మొక్కల ఆహారమున దేనిలోను లభింపదు. కావున కోళ్ళో, మేకలో, ఆవులో కావలెను. వాటికి మేత కావలెను. పాతిక సెంట్లు ఎకరమగుటకు ఎంతోకాలము పట్టదు.

నీటి లెక్క ఇంకను కఠినము. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరు నిలిచినచో అది ఒక లీటరు. పాతిక సెంట్లనగా సుమారు వెయ్యి చదరపు మీటర్లు. వాన లేని కాలమున పంటకు దినమునకు అయిదు మిల్లీమీటర్లు కావలెనన్నచో అది 5,000 లీటర్లు, అనగా పదిహేను లీటర్ల బిందెలు 333! ఇద్దరు మనుష్యులు మోయగల నీరు కాదిది. కనుక తోట ఊటకు దిగువనే ఉండవలెను. నీరు తనంతట తాను పారి రావలెను. దీవిలో అట్టి చోట్లు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే గలవు.

నీరు, నేల కుదిరిన తరువాత తోటకు శత్రువులు వచ్చినవి. అడవిపందులు, అడవిపశువులు, గాడిదలు పైరును త్రొక్కి తినివేయుచుండెను. ఇవి ఆ దీవిలో సహజముగా పుట్టినవి కావు. అంతకుముందు కాపురముండి విడిచిపోయినవారు వదలిన జంతువుల సంతతియే. ఒక తరము తన పోషణకై తెచ్చిన పంది మరియొక తరము పైరును తినినది. వీటివలన, మనుష్యుల వేటవలన ఆ దీవి చెల్లించిన మూల్యము ఇంకను పెద్దది. ఫ్లోరియానా జాతి మహాకూర్మము పందొమ్మిదవ శతాబ్ది మధ్యమునకే అంతరించెను. అచ్చటి మాకింగ్ పక్షి ప్రధాన దీవిపై లేకుండపోయి, సమీపమునగల రెండు చిన్న దీవులపై మాత్రము మిగిలెను.

కంచెకు కావలసిన ఇనుపతీగ మొదలు సూది, పార, మందు వరకు అన్నియు ఓడలో రావలసినవే. 1930 నుండి అమెరికా ధనికుల విహారనౌకలు అచ్చట ఆగుచు సామానులు ఇచ్చిపోవుచుండెను. రిట్టర్ పత్రికలకు వ్యాసములు వ్రాసెను. స్వయంపోషణ కీర్తి ఆ విధముగా ఓడలను రప్పించెను. ఓడలు స్వయంపోషణను నిలబెట్టెను. 1932 తుదిలో వచ్చిన ఒక ఆస్ట్రియా స్త్రీ కథ, 1934లో ఆమె అదృశ్యమగుట పత్రికలవారికి మిక్కిలి ప్రీతికరమైన విషయములు. సేద్యముతో వానికి సంబంధము లేదు.

పండించుట ఒక ఎత్తు, పండినదానిని నిలువచేయుట మరియొక ఎత్తు. రిట్టర్ మొదట శాకాహారమును బోధించినవాడు. పిమ్మట మాంసము తినసాగెను. 1934 నవంబరులో, భద్రపరచిన కోడిమాంసము చెడిపోగా దానిని తిని మరణించెనని చెప్పబడినది. ఆ మరణమును గూర్చి పరస్పరవిరుద్ధములైన కథనములు గలవు గాని, చివరి ఘడియలలో ఆయనకు మాట పడిపోవుట బాట్యులిజము అను విషబాధను సూచించుచున్నది. దీనికి కారణమైన సూక్ష్మజీవి మట్టిలో నివసించును. 100 డిగ్రీల మరుగునీటిలో ఆ జీవి చచ్చును గాని దాని బీజములు చావవు. గాలి చొరకుండ మూసిన సీసాలో, పులుపు లేని మాంసములో ఆ బీజములు మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషము నరములనుండి కండరములకు ఆజ్ఞ చేరకుండ చేయును. తుదకు ఊపిరియే ఆగును. బీజములను చంపుటకు ఒత్తిడి పాత్రలో 121 డిగ్రీల వేడి కావలయును. మన ఆవకాయలో మామిడికాయ పులుపు, ఉప్పు ఈ జీవిని పెరుగనీయవు. మాంసమునకు అట్టి రక్షణ లేదు. దీనిలో మరియొక విశేషము గలదు. బీజములు మొండివైనను విషము మాత్రము సుకుమారమైనది. పది నిమిషములు బాగుగా ఉడికించినచో నశించును. వైద్యుడే గృహస్థుడైన ఇంటిలో ఇట్టి మరణము సంభవించినది. డోరె స్వదేశమునకు తిరిగిపోయెను.

1932లోనే కొలోన్ నగరమునుండి వచ్చిన హైన్జ్, మార్గరెట్ విట్మర్ దంపతులు ఆ దీవిలో నిలిచిరి. మొదట సముద్రపు దొంగలవని చెప్పబడు గుహలలో కాపురముండిరి. 1933 జనవరిలో అచ్చటనే వారికి కుమారుడు పుట్టెను. బయటి ప్రపంచముతో సంబంధము తప్పని వారు పట్టుబట్టలేదు. కాలక్రమమున తీరమున అతిథిగృహము నడిపిరి. మార్గరెట్ 2000 సంవత్సరమున 95 ఏండ్ల వయస్సున ఆ దీవిలోనే మరణించెను.

1959లో గలాపగోస్ జాతీయవనమాయెను. నేడు భూభాగములో నూటికి 97 వంతులు దానికి చెందినది. సేద్యము కొండమీది కొద్ది నేలకే పరిమితము. రిట్టర్ తెచ్చినట్టి విత్తనపు పెట్టెను ఇప్పుడెవరైన తెచ్చినచో తనిఖీదారులు దానిని రేవులోనే ఆపివేయుదురు.