వెడలగొట్టుటకెన్ని పేర్లు!

1885వ సంవత్సరము నవంబరులో బ్రహ్మదేశపు కడపటి రాజైన థీబో, ఆంగ్లసైన్యము మాండలే కోటను చేరిన మరునాడే, రాణీసమేతుడై ఎడ్లబండిలో ఐరావతీ తీరమునకు బోయి ధూమనౌక నెక్కెను. కొంతకాలము చెన్నపట్టణమున నుంచి, పిదప అతనిని అరేబియా సముద్రతీరమందలి రత్నగిరికి చేర్చగా, ముప్పది యేండ్లచ్చటనే గడపి 1916లో కన్నుమూసెను. ఆ రత్నగిరిలోనే జన్మించిన బాలగంగాధర తిలకు 1908లో రాజద్రోహ నేరమునకు ఆరేండ్ల శిక్ష పడి, థీబో విడిచిన ఆ మాండలేకే ఖైదీయై పోయెను. అంతకు ముందటి యేడు లాలా లజపతిరాయిని లాహోరునుండి తరలించినదియు ఆ యూరికే. ముగ్గురును ఉన్నచోటినుండి బలవంతముగా కొనిపోబడినవారే గదా. అయినను ఆంగ్ల రచనలలో థీబోకు ఎక్సైల్, తిలకునకు ట్రాన్స్‌పోర్టేషన్, లజపతిరాయికి డిపోర్టేషన్ అని ముగ్గురికి మూడు మాటలు దక్కినవి.

నిఘంటువులు వీనినన్నిటిని పర్యాయపదములని చెప్పి తప్పుకొనును. కాని వెడలగొట్టు ప్రభుత్వము ఏ మాటను ఎన్నుకొన్నదో చూచినచో, వెడలిన మనుష్యుడు ఏమి చేసెనను సంగతికంటె, వెడలగొట్టినవారు ఏమి చెప్పుటకు జంకుచున్నారను సంగతియే నాకు ముందుగా తెలియవచ్చుచుండును.

ఎక్సైల్ అను మాటకు ఒక రాచఠీవి కలదు. మన రాముని అరణ్యవాసమునకు ఆంగ్లమున వాడునది ఈ మాటనే. ఎఱ్ఱకోటలో విచారింపబడి 1858లో రంగూనుకు పంపబడిన బహదూర్‌షాకు వాడునదియు దీనినే. 1959లో దలైలామాతో టిబెట్టును వీడి వచ్చినవారు ధర్మశాలలో నడుపుకొనుచున్న ప్రభుత్వమునకును ఈ మాటయే గౌరవము తెచ్చినది. గెంటబడినవాడును, గెంటబడకముందే తొలగిపోయినవాడును దీనిలో నిముడుదురు. దీనికి జోడైన బానిష్ అనునది రాజు చాటింపు వేయించి వెళ్ళగొట్టుట. శాసనములనుండి దాదాపు జారిపోయి, నేడది నాటకములలోను కథలలోను కాలము వెళ్ళబుచ్చుచున్నది. క్రీ.శ. 8లో ఆగస్టసు చక్రవర్తి తనను నల్లసముద్రపు టొడ్డున నున్న తోమిసుకు పంపగా, రోమను కవి ఓవిడు తాను ఎక్సైలు కాననియు, తనది ఆస్తియు పౌరసత్వమును పోని రెలెగేషియో మాత్రమే యనియు పట్టుబట్టి వ్రాసికొనెను. ఆ రెండింటిని హరించి ద్వీపమునకు కొనిపోవు కఠినశిక్షకు పిమ్మటి రోమను న్యాయశాస్త్రమున డిపోర్టేషియో యని పేరు. డిపోర్ట్ అను మాట వంశమూలము అది.

ట్రాన్స్‌పోర్టేషన్ అనునది, నేడు మనకు లారీలను మాత్రమే జ్ఞప్తికి తెచ్చుచున్నను, ఒకప్పుడు న్యాయస్థానము పలికిన శిక్ష. 1718 నాటి చట్టముతో ఆంగ్లేయులు తమ నేరస్థులను అమెరికా వలసలకు విరివిగా పంపిరి. ఆ వలసలు చేజారిన పిదప 1788 మొదలు 1868 వరకు లక్షా అరువది వేల పైచిలుకు మందిని ఆస్ట్రేలియాకు ఓడలకెక్కించిరి. మన దేశమున అండమాను దానికి గమ్యస్థానమయ్యెను. తెలుగువారు దీనినే ద్వీపాంతరవాసమనిరి. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర ఆ శిక్ష ననుభవించి తిరిగివచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యెను. 1956 జనవరి 1 నుండి మన శిక్షాస్మృతిలోనుండి ఆ మాట తొలగి, యావజ్జీవ కారాగారవాసమను మాట దాని స్థానమున నిలిచెను. క్రూరమైన మాటయే గాని, ఒక్క విషయమున నిజాయితీ గలది: నేరారోపణ, విచారణ, తీర్పు అను మూడు మెట్లు దాటక అది మనుష్యుని ముట్టుకొనజాలదు.

డిపోర్టేషన్‌కు ఆ మెట్లు అక్కరలేదు. లజపతిరాయిపై అభియోగము లేదు, విచారణ లేదు. ఆయనపై ప్రయోగించిన 1818 నాటి మూడవ రెగ్యులేషను రాజకీయ ఖైదీల నిర్బంధమును గూర్చినది. అప్పటి బర్మాయో భారత సామ్రాజ్యమున ఒక రాష్ట్రమే గనుక ఆయన ఏ సరిహద్దును దాటలేదు. అయినను లోకము దానిని డిపోర్టేషన్ అనెను. 1908లో ఆయన తన యనుభవమును గ్రంథముగా వెలువరించినపుడు శీర్షికలో ఆ మాటనే నిలిపెను. దీనికి ముందే అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1893లో, ధ్రువపత్రములు లేని చీనా కూలీల వ్యాజ్యమున, డిపోర్టేషన్ నేరమునకు శిక్షయే కాదని తేల్చియుండెను. శిక్ష కానపుడు జ్యూరీ యేల, రాజ్యాంగము నిందితునకిచ్చు రక్షణలేల? ముగ్గురు న్యాయమూర్తులు మాత్రము దీని కొప్పుకొనలేదు.

ఎక్స్‌ట్రడిషన్‌ను గూర్చి హెచ్చుగా చెప్పనక్కరలేదు. అది రెండు ప్రభుత్వముల నడుమ నడచు అప్పగింత. మనుష్యుడు అక్కరలేదని కాదు, మరియొకరికి కావలెనని పంపుట. 1910లో మార్సేలు రేవున ఓడనుండి దూకి ఫ్రెంచి నేలను త్రొక్కిన సావర్కరును మరల ఆంగ్లేయుల చేతబెట్టుట చెల్లునా యని హేగులో వాదము నడచి, 1911లో ఆంగ్లేయులే గెలిచిరి.

ఈ మాటలన్నిటిలో నాకు మిక్కిలి అనుమానము కలిగించునది రిపాట్రియేషన్. పితృభూమికి మరల చేర్చుట యని దాని భావము. వినుటకు అదొక ఉపకారమువలె తోచును. తెలుగువారికి ఈ మాట బర్మాతో ముడిపడినది. గోదావరి, విశాఖ, శ్రీకాకుళపు తీరములనుండి రంగూను రేవులకును ధాన్యపు మిల్లులకును తరతరములుగా పోయినవారిని, కోరంగి రేవు పేరున, అక్కడివారు కోరంగీలని పిలిచిరి. 1942లో జపాను దండయాత్రకు వెఱచి లక్షలాది భారతీయులు కొండలమీదుగా అస్సామునకు కాలినడకన వచ్చినపుడు వారిని ఇవాక్యుయీలనిరి. 1962లో అధికారము చేపట్టిన నెవిన్ ప్రభుత్వము 1964లో దుకాణములను జాతీయము చేసి, యాబది, నూరు చ్యాట్ల నోట్లను రద్దు చేయగా, పిల్లలను వెంటబెట్టుకొని, నగలను సొమ్మును అక్కడనే వదలి ఓడలెక్కినవారు మాత్రము రిపాట్రియేట్లయిరి. అదే యేడు అక్టోబరులో ప్రధానులు సిరిమావో, శాస్త్రి సంతకము చేసిన ఒడంబడికలో సింహళమునుండి ఐదు లక్షల ఇరువది యైదు వేలమందిని భారతదేశమునకు చేర్చుటకు నిశ్చయించినపుడును వాడిన మాట ఇదియే. వారిలో అనేకులు తేయాకు తోటలలోనే పుట్టి, ఈ దేశమును కన్నులార చూడనివారు. చూడని భూమికి మరలుట యెట్లు? ఇట్టి ప్రశ్నను నోట రానీయకుండుటయే ఆ మాట చేయు పని. బర్మానుండి వచ్చినవారికి మన భాష పెట్టిన కాందిశీకులను పేరు ఏ దిక్కునకు పోదునని తల్లడిల్లువారిని సూచించునది. విశాఖలోని బర్మా క్యాంపును కట్టుకొన్నవారికి ఆ పేరే ఎక్కువ తగియున్నది.

ఎక్స్‌పల్షన్ ఇట్టి ముసుగు వేసికొనదు. 1972 ఆగస్టులో ఇడి అమీన్ ఉగాండాలోని ఆసియావారికి తొంబది దినముల గడువిచ్చినపుడు ఈ మాట చరిత్రకెక్కెను. గుంపును గుంపుగా గెంటునపుడు దీనికి సాటిలేదు.

ఇటీవలి మాట రిమూవల్. 1996 నాటి చట్టముతో అమెరికా డిపోర్టేషన్‌ను, ప్రవేశనిరాకరణకు వాడు ఎక్స్‌క్లూజన్‌ను త్రోసి, రెండింటికిని ఈ యొక్క మాటనే నియమించెను. గోడమీది మరకను తుడిచినట్లుండు ఈ మాటకు రూపమే గాని కోపము లేదు. అయినను దాని ఉత్తర్వు తగిలినవాడు సాధారణముగా ఐదేండ్లో పదేండ్లో తిరిగి అడుగిడరాదు. న్యాయమూర్తి అనుమతితో తన ఖర్చుపై గడువులోగా వెడలినవానికి వాలంటరీ డిపార్చర్ అను మరియొక పేరు కలదు. అతనికి ఆ ఉత్తర్వువలన కలుగు నిషేధము తగులదు. ఇద్దరును ఒకే విమానమున హైదరాబాదుకు దిగవచ్చును. మరల వీసాకు దరఖాస్తు పెట్టుకొన్నపుడు మాత్రము, ఆ దరఖాస్తు పత్రము రిమూవల్, డిపోర్టేషన్ అను రెండు మాటలను కూడ వాడి అడుగును.