ఉప్పుగాలికి ఎన్ని గోడలు?

నెల్లూరు జిల్లా అల్లూరులో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్న కుటుంబం ఒకటి ఉందనుకోండి. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. ప్లాను వాట్సాప్‌లో వస్తుంది. మూడు పడక గదులు, పూజ గది, పైకి మెట్లు, ముందు చిన్న పోర్టికో. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చూసి అడిగే మాట ఒకటే.

“కారు యాడ పెట్టేదిరా?”

“పోర్టికో ఉంది గదా నాయనా.”

“దాంట్లో నీ కారు పెట్టుకో. నా కారు సంగతి అడగతా ఉండా.”

ఆయన కారంటే తెల్ల అంబాసిడర్. కాకపోతే పద్మిని, అదీ కాకపోతే పెళ్లయిన కొత్తలో కొన్న మారుతీ 800. మూడూ ఇప్పుడు తయారు కావడం లేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. మారుతీ 800 కథ కూడా ఆ ఏడాదే ముగిసింది. పద్మిని అంతకు చాలా ముందే పోయింది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ కారు చేతికి రాని కాలం చూసిన తరం ఆయనది. అమ్మేద్దామంటే వచ్చే డబ్బు కొత్త ఇంటి మెయిన్ డోరుకు కూడా చాలదేమో. అయినా అమ్మరు. అమ్మమని చెప్పడానికి ఈ కథనం రాయడం లేదు కూడా. దానికి గది కట్టాలా వద్దా అన్నదే ఇక్కడి తగువు.

తగువు ముందుగా అంకణాల దగ్గర మొదలవుతుంది. నెల్లూరు జిల్లాలో ఇంటి స్థలం లెక్క గజాల కన్నా అంకణాల్లోనే ఎక్కువ నడుస్తుంది. ఇక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు. అంబాసిడర్ పొడవు 14 అడుగుల పైచిలుకు, వెడల్పు ఐదున్నర. అంటే కారు నిలబడటానికే ఒక అంకణం పోతుంది. రెండువైపులా తలుపులు పూర్తిగా తెరిచి దిగాలి, వెనక డిక్కీ ఎత్తాలి, ముందు బానెట్ లేపి మెకానిక్ నిలబడాలి. ఇవన్నీ కుదరాలంటే షెడ్డు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉండాలి. సరిగ్గా మూడు అంకణాలు. ఒక పడక గదికి, బాత్రూముకు సరిపోయే చోటది. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో కట్టేద్దామంటే ప్లాను అనుమతి దగ్గర చిక్కు వస్తుంది. పునాది తీశాక అడగడం కన్నా ముందే అడగడం మేలు. జపాన్‌లోనైతే ఈ గొడవ కారు కొనకముందే తేలిపోవాలి. అక్కడ 1962 నుంచి చట్టం ఉంది. ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు కారు నిలిపే చోటు ఉందని పోలీస్ స్టేషన్ నుంచి కాగితం తెస్తేనే చాలాచోట్ల కారు రిజిస్టర్ అవుతుంది. మన దగ్గర ముందు కారు వస్తుంది, తర్వాత చోటు వెతుక్కుంటాం.

సరే, చోటు ఉందనుకుందాం. డబ్బుకూ కొదవ లేదు; రొయ్యల గుంటలు రెండు పంటలు బాగా పండాయి. అప్పుడు అందరూ చెప్పే మాట ఒకటుంది: “నాలుగు గోడలు లేపి షట్టర్ దించెయ్, కారు భద్రం.” హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో ఈ మాట చెల్లుతుంది. అల్లూరులో నేను ఒప్పుకోను.

అల్లూరుకు తూర్పున దాదాపు పది కిలోమీటర్లలో ఇసకపల్లి తీరం. అక్కడ ఉప్పు పండించుకోగలిగారంటేనే గాలిలో ఏముందో తెలుస్తుంది. అలలు విరిగినప్పుడు లేచిన సన్నటి తుంపరలోని ఉప్పు గాలితో పాటు లోపలికి వస్తుంది. దూరం పెరిగే కొద్దీ అది తగ్గే మాట నిజమే గానీ పది కిలోమీటర్లకు మాయమైపోదు. దానికి తోడు చుట్టూ ఉప్పునీటి గుంటలు, రాత్రింబవళ్లు నీళ్లు చిమ్మే ఏరేటర్లు.

రేకు మీద పడిన ఉప్పు పొడిగా ఉన్నంతసేపు పెద్దగా హాని చెయ్యదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే తేమ పీల్చి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం చాలు. అంటే వాన పడనక్కర్లేదు, ఎవరూ నీళ్లు పోయనక్కర్లేదు. కంటికి కనబడని తడి పొర రేకు మీద తయారవుతుంది. తుప్పుకు కావలసింది అదే. ఈ తీరంలో తెల్లవారుజామున తేమ 75 శాతం దాటడం చాలా నెలల్లో మామూలే. పొద్దెక్కి, గాలి ఆడి, ఆ పొర ఆరిపోతే కారుకు కాస్త ఊరట.

నాలుగు గోడల షట్టర్ గదిలో ఆ ఊరట దొరకదు. వానలో తడిసి వచ్చిన కారును లోపల పెట్టి షట్టర్ దించితే నీరు ఎక్కడికీ పోదు. మడ్‌గార్డుల కింద పట్టిన మట్టి రోజుల తరబడి తడిగానే ఉంటుంది. నేల మట్టిదైతే అడుగు నుంచి చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది. బయట ఎండకు రంగు వెలిసిన కారు, లోపల చీకట్లో అడుగు తినేసిన కారు రెండూ పక్కపక్కన పెడితే టింకరింగ్ మేస్త్రీ మొదటిదానికే ఓటేస్తాడు. రంగు మళ్లీ కొట్టించుకోవచ్చు.

ఆ అడుగు ఎలా పోతుందో దగ్గరగా చూడాలంటే అంబాసిడర్ తలుపు తెరిచి కింది అంచున వేలితో తడమండి. చిన్న చిన్న రంధ్రాలు తగులుతాయి. అద్దం పక్కన రబ్బరు సందులోంచి దిగిన నీరు కారిపోవడానికి పెట్టినవి. దుమ్ము, వేపాకు పొడి, పైన వేసిన పెయింటు చేరి అవి మూసుకుపోతాయి. నీరు తలుపు లోపలే నిలుస్తుంది. బయట పాలిష్ మెరుస్తూనే ఉంటుంది. ఒకరోజు అంచు దగ్గర పెయింటు బియ్యపు గింజంత ఉబ్బుతుంది. గోటితో గీకితే పెచ్చు లేచి ఎర్ర పొడి రాలుతుంది. అప్పటికే లోపలి నుంచి రేకు పోయి ఉంటుంది. ఓపికున్నవాడు ఆ ముక్క కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయిస్తాడు. తొందరున్నవాడు పుట్టీ పెట్టించి పెయింటు కొట్టిస్తాడు, వచ్చే వానాకాలానికి మళ్లీ అక్కడే ఉబ్బుతుంది. మూడు అంకణాల గది చేయలేని పని ఒక సైకిల్ చువ్వ చేస్తుంది: నెలకోసారి ఆ రంధ్రాలు పొడిచి శుభ్రం చేయడం.

మూసిన షెడ్డుతో ఇంకో ప్రమాదం, కట్టిన ఏడాదికల్లా అది గోడౌనవుతుంది. ఖాళీ చోటు, పైన కప్పు, తాళం ఉన్నాక ఎవరు ఊరుకుంటారు? ముందు వడ్ల బస్తాలు నాలుగు. వాటి వెంట ఎలుకలు. ఎలుకలకు వడ్లెంత ఇష్టమో కారు వైర్లూ అంతే ఇష్టం. ఆ తర్వాత యూరియా, రొయ్యల మేత. చివరికి గుంటలకు చల్లే బ్లీచింగ్ పౌడర్ సంచులు. ఇది మాత్రం వద్దే వద్దు. బ్లీచింగ్ నుంచి వెలువడే క్లోరిన్ మూసిన గదిలో దేన్నీ వదలదు. క్రోమియం బంపరు, తాళం కప్ప, షట్టర్ స్ప్రింగు, అన్నీ తింటుంది. కారు కోసం కట్టిన గదిలో కారుకు పగవాడిని పెట్టి తాళం వేసినట్టవుతుంది. పశువుల కొట్టంలో ఒక మూల కారు పెట్టుకోవడమూ అంతే. పేడ, మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఇత్తడికి మంచిది కాదు.

మరి ఏం కట్టాలి? మన పాత ఇళ్లలో ఎద్దుల బండి ఎక్కడ నిలిపేవాళ్లో గుర్తు తెచ్చుకుంటే సగం జవాబు దొరుకుతుంది. నాలుగు గుంజలు, పైన తాటాకు, గాలి ఇటు నుంచి అటు పోయే కొట్టం. చెక్క తడిసినా ఆరేది. కారుకూ కావలసింది ఎండను, వానను ఆపే కప్పు, తడి ఆరనిచ్చే గాలి. అయితే నాలుగు వైపులా తెరిచేస్తే ఉప్పుగాలి నేరుగా తగులుతుంది. అందుకే గాలి దిక్కు చూసుకుని కట్టాలి. మధ్యాహ్నం నుంచి వీచే సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయం నుంచి వస్తుంది. ఇక్కడి వానలో సగానికి పైగా కురిసే అక్టోబరు–డిసెంబరు నెలల్లో జల్లు ఈశాన్యం నుంచి కొడుతుంది. కాబట్టి తూర్పున, ఉత్తరాన గోడ. పడమర, దక్షిణం తెరిచి గ్రిల్ గేటు. గోడల పైభాగాన కప్పు కింద ఒక అడుగు ఖాళీ. మేస్త్రీ “రెండు గోడలే అయితే చూసేదానికి బాగుండదు సామీ” అంటాడు. బాగుండకపోయినా పర్లేదు. పడమటి ఎండ కోసం చూరు మూడడుగులు ముందుకు తెస్తే సరి. ఎండాకాలంలో వీచే పడమటి వడగాలి మనుషులను చంపుతుంది గానీ అంబాసిడర్‌కు అదే మందు. అంత పొడి గాలి ఈ ఊరికి వేరే నెలల్లో రాదు.

నేల మాత్రం సిమెంటుదే కావాలి. కింద మందపాటి పాలిథిన్ షీటు పరిచి ఆపైన కాంక్రీటు పోస్తే అడుగు చెమ్మ ఎక్కదు. రోడ్డు కన్నా బాగా ఎత్తు చేయండి. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి వదిలిన నీటితో పెన్న పొంగి కోవూరు దగ్గర పడుగుపాడులో జాతీయ రహదారే తెగిపోయింది. అలాంటి రోజున పల్లంలోని షెడ్డు తొట్టి అయి కూర్చుంటుంది. మునిగిన కారు తాళం తిప్పి చూడకూడదన్నది ఎంత చెప్పినా తక్కువే. సిలిండర్‌లో నీరు చేరి ఉంటే ఆ ఒక్క తిప్పుకే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పాత కారే కదా అని థర్డ్ పార్టీ బీమాతో సరిపెట్టినవాళ్లకు వరద నష్టానికి రూపాయి కూడా రాదు.

కప్పు దగ్గర పొదుపు పనికిరాదు. తాటాకు చల్లగా ఉంటుంది, ఒక్క దీపావళి రాకెట్ చాలు. రేకులైతే తుపాను గాలికి లేస్తాయి. దేశపు గాలి వేగాల పటంలో నెల్లూరుకు సెకనుకు 50 మీటర్లని రాశారు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ లెక్కకు తట్టుకునేలా బోల్టులు, పైపులు వేయించే ఓపిక లేకపోతే స్లాబే నయం. కొబ్బరి చెట్టు కింద, మునగ చెట్టు కింద షెడ్డు వద్దని చెప్పనక్కర్లేదు.

ఇంత చేసీ కారును బోరు నీళ్లతో కడిగితే ఏం లాభం? తీరం దగ్గర చాలా బోర్లలో నీరు ఉప్పన. కడిగి ఎండలో వదిలేసిన బానెట్ మీద తెల్ల చుక్కలు కనిపిస్తాయి. ఒక చుక్క వేలికి అద్దుకుని నాలుకకు తగిలిస్తే సంగతి తెలిసిపోతుంది. సముద్రం నుంచి పది కిలోమీటర్లు ప్రయాణం చేసి రావలసిన ఉప్పును మనమే బకెట్‌తో పోస్తున్నాం. కాలువ నీరో, మంచినీళ్లో రెండు బకెట్లు ఆఖరున పోసి, ముఖ్యంగా అడుగు కడిగి, గాలికి ఆరనివ్వాలి. మీద టార్పాలిన్ కప్పడం కూడా మానుకోవాలి. దాని కింద చెమ్మ ఊరుతుంది, గాలికి రెపరెపలాడి పెయింటును గీకుతుంది. దుమ్ము కోసమైతే పాత నూలు దుప్పటి చాలు, అదీ కారు పూర్తిగా ఆరాకే.

అన్నిటి కన్నా ముందు పెద్దాయన తనను తాను అడగవలసిన ప్రశ్న ఒకటుంది: కారు వారానికి ఎన్నిసార్లు బయటికి వస్తుంది? రోజూ తిరిగే కారుకు పోర్టికో చాలు. ఇంజన్ వేడెక్కితే సైలెన్సర్‌లో నీరు ఆవిరవుతుంది, బ్రేకులు పట్టేయవు, బ్యాటరీ పడిపోదు. నెలల తరబడి కదలని కారుకే షెడ్డు. దానికి హ్యాండ్‌బ్రేక్ లాగి పెట్టకూడదు, బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. చక్రం కింద చెక్కముక్క పెట్టాలి. షట్టర్ గది ఇప్పటికే కట్టేసుకున్నవాళ్లు లోపల ఇంజన్ స్టార్ట్ చేసి అలాగే వదిలేయకూడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

కదలకుండానే వందేళ్లు బతికిన కారు మన దగ్గరే ఉంది కదా అనవచ్చు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చేతికందేలోపే, 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. పసుపు రంగు కారు, లోపల సింహాసనం లాంటి సీటు. అది తిరిగింది చాలా తక్కువ. ఇప్పుడు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. కానీ దాన్ని కాపాడింది ఒక్క గది కాదు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం, దక్కను పీఠభూమి పొడి గాలి, ఆ పైన మళ్లీ బాగుచేయించగలిగిన సంపద. అల్లూరులో ఈ మూడింటిలో మొదటి రెండూ డబ్బుకు దొరకవు.

చివరగా కాగితాల సంగతి. 1970ల మొదట్లో కొన్న కార్లకు యాభై ఏళ్లు నిండాయి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటి అసలు రూపు చెడని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. రుసుము రూ.20,000, గడువు పదేళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. గొప్పగానే ఉంటుంది. కానీ ఆ నంబరు వేశాక ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. అంటే ఇక దానికి మూడు అంకణాలు శాశ్వతంగా రాసిచ్చినట్టే. మామూలు ఆర్సీని ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకునే దారి ఇంకా ఉంది. నన్నడిగితే అదే మేలు. రెండు గోడల షెడ్డు, పాత నంబరు, ఆదివారం కావలి దాకా ఒక తిరుగుడు. ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లే ముందు మాత్రం తలుపు అంచులు ఒకసారి తడిమి చూసుకోండి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కూడా ముందు అక్కడే చూస్తాడు.