పూతరేకులు: లెక్కకు రాని కష్టము

పూతరేకు రుచి యెరుగని తెలుగు గృహిణి అరుదు. దానిని వేయుట కన్నులార జూచినవారు అంతకంటెను అరుదు. కొత్తపేట ప్రాంతమునందలి ఆత్రేయపురము ఈ తీపివంటకమునకు బుట్టినిల్లు. అచటను, చుట్టుప్రక్కల పల్లెలలోను స్త్రీలు తమ యిండ్లలోనే రేకులు వేయుచుందురు. అది వారికి వేడుక గాదు, జీవనాధారము.

బియ్యమును నానబెట్టి మెత్తగా రుబ్బి, ఆ పిండిని నీళ్లవలె పలుచన చేయుదురు. అన్ని బియ్యములును పనికిరావు. ‘జయ’ యను రకమునే ఎక్కువగా గోరుదురు. ఇందుకై ప్రత్యేకముగా చేయించిన కుండను బోర్లించి, క్రింద ఎండు కొబ్బరియాకులతో మంట పెట్టుదురు. పలుచని గుడ్డను పిండినీట ముంచి, కాగిన కుండమీద ఒక్క మారు పరచి లాగుదురు. గుడ్డ ఇవతలికి వచ్చునంతలో కుండపై తెల్లని పొర నిలుచును. ఆ పూతయే రేకు. మంట హెచ్చినచో మాడును, తగ్గినచో అంటుకొనును, చేయి తడబడినచో చిరుగును. పిమ్మట నేయి రాచి, పంచదార పొడియో బెల్లపు పొడియో చల్లి మడచుట దానితో బోల్చిన సులభము. నలభీముల పేరులను పాకమునకు ముడివెట్టిన లోకము, ఈ పొగలో గూర్చుండు స్త్రీల నెన్నడు దలచినది?

రేకు వేయువారు వేరు, దానిని చుట్టి పెట్టెలలో బెట్టి అమ్మువారు వేరు అగుట తరచు. పేరు పెట్టెమీది వారికి వచ్చును. వేసిన యామెకు రేకుల లెక్కను వచ్చు కూలియే మిగులును. ఈ వృత్తి నిలుచునా యను ప్రశ్నకు సమాధాన మంతయు ఇచటనే యున్నది. తల్లి కన్నులు పొగకు మండుట జూచిన కూతురు, చాలిన ప్రతిఫలము లేనిదే ఆ కుండయెదుట గూర్చుండునా?

మేమెరిగిన యొక యిల్లాలికి జమాఖర్చులు వ్రాయుట నేర్పబూనితిమి. బియ్యము వెల చెప్పినది, గుడ్డ వెల చెప్పినది. కుండ పగులుట, కొబ్బరియాకులు కొనుట అడుగగా అడుగగా చెప్పినది. నీ కూలి యెంత వ్రాయుదుమని యడుగగా, ‘‘ఒళ్లు మందే కదండీ, దానికి కూలేంటండీ, అమ్మగారూ?’’ అని నవ్వినది. ఆమె కూలి కలిపి చూడగా, ఆ నెల లాభమనుకొన్నది లాభము గాదని తేలినది. మరునాటినుండి ఇంటి సొమ్మొక డబ్బాలోను, రేకుల సొమ్మొక డబ్బాలోను ఉంచుచున్నది. తరువాతి బేరమునకు ఆమె తన ధరను తానే చెప్పినది. కొనువాడు గొణిగెను గాని, కొనక పోలేదు.

2023వ సంవత్సరమున ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. తిరుపతి లడ్డునకు 2009లోను, బందరు లడ్డునకు 2017లోను దొరికిన గౌరవమే యిది. 1999 నాటి చట్టముచే నేర్పడిన ఈ హక్కు పదేండ్లు చెల్లును. పిమ్మట మరల పొడిగించుకొనవచ్చును. దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘము తన పేరున కాటను దొర పేరును జేర్చుకొన్నది. ఆయన ధవళేశ్వరమున గట్టించిన ఆనకట్ట 1852లో పూర్తి గాకున్నచో ఈ సీమలో ఇంత వరి యెక్కడిది?

అయితే గుర్తింపు వచ్చినంతమాత్రమున దాని ఫలము ప్రతి కుండయొద్దకు నడచిరాదు. ఆ పేరును అధికారపూర్వకముగా వాడుకొనదలచిన తయారీదారులు చెన్నపట్టణమందలి రిజిస్ట్రీలో తామును వినియోగదారులుగా నమోదు కావలెను. ఆ కాగితములను రేకు వేయు స్త్రీలకు చదివి చెప్పువా రుండవలెను. చదువుకొన్న మన మందుకైన పనికిరామా?

పెట్టుబడి సంగతి. విడిగా నొక్కతె బ్యాంకు మెట్లెక్కుటకు జంకును. పదిమంది డ్వాక్రా సంఘముగా వెళ్లినచో మాట చెల్లును. 2020లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన చిన్న ఆహారపరిశ్రమల పథకమున, ఇట్టి సంఘములలో తినుబండారములు చేయు సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనము నిర్ణయించిరి. అప్పు గాని మూలధనము గాని చేతికి వచ్చినప్పుడు ముందుగా పొగ పోవు గొట్టముతో మంచి పొయ్యి కట్టించుకొనుట మేలని మా యభిప్రాయము. రంగుల పెట్టెలు తరువాత కొనవచ్చును.

ఇక కొనువారము మనము. పెండ్లిపందిరి వేయువానికి బయానా యిత్తుము, బాజాల వారి కిత్తుము. పూతరేకుల యామెకు మాత్రము ‘పెండ్లి కానీ, చూతము’ అందుము. ఆమె నేతిని అరువు దెచ్చి, ఆ యరువుమీద వడ్డీ కట్టి, మన కట్నపు పళ్లెములు నింపవలెనా? మాఘమాసపు పెండ్లిండ్లకు పది దినములు ముందుగా కబురంపి, సగము సొమ్ము చేతిలో బెట్టినచో, ఆమె నేతిని రొక్కమునకు గొనగలదు.