గరికనేలపై గోల్ఫాట



సింహాచలేశుని దర్శించుకొని అడివివరమునుండి హనుమంతవాక వైపు పోవు త్రోవలో ముడసర్లోవ యను చోటు కలదు. లోవ యనగా కొండల నడిమి పల్లము. అచటి జలాశయమును మీలో పెక్కుమంది యెఱుగుదురు. దాని దాపుననే ఈస్టు పాయింటు గోల్ఫు క్లబ్బువారి మైదానము. చుట్టును కొండలు, నడుమ పచ్చిక. చూచువారికి విహారవనమువలె తోచును. కాని ఆ యందములోనే చిక్కులన్నియు నున్నవి. నా పూర్వశిష్యుడొకడు కిందటేడు నన్నచటికి తోడుకొనిపోవువఱకు ఈ సంగతి నాకు బోధపడలేదు.

మన బిళ్ళంగోడునకు గోల్ఫు దూరపు చుట్టము. 46 గ్రాములకు మించని బంతిని కఱ్ఱతో కొట్టుచు, నాలుగుంబావు అంగుళముల వెడల్పుగల గుంటలో పడవేయవలెను. అట్టి గుంటలు 18. తక్కువ దెబ్బలతో ముగించినవానిదే గెలుపు. ఈ పదునెనిమిది లెక్క భారతపర్వములను జూచి పెట్టినది కాదు. స్కాట్లాండునందలి సెంట్ ఆండ్రూస్ అను ఊర 1764లో 22 గుంటల ఆటను 18కి తగ్గించిరి. క్రమముగా లోకమంతయు దానినే అనుసరించినది.

క్రికెట్టులో వికెట్ల నడుమ దూరము ఏ దేశమందైనను 22 గజములే. గోల్ఫున కట్టి నియమము లేదు. ఒక గుంట నూటయేబది గజముల దూరమున నుండును. మఱియొకటి ఐదువందల గజములకు పైన. దూరమునుబట్టి మూడు, నాలుగు లేక ఐదు దెబ్బలు గడువు విధింతురు. దానికే పార్ అని పేరు.

మైదానము వేయువాని పని చెఱువుగట్టు వేయువాని పనివంటిది. మొదట నేల వాలు చూడవలెను. ఆపైన మనుష్యుని యాశను చూడవలెను. బలముగా కొట్టినవాని బంతి ఎచట పడునో లెక్కవేసి సరిగా అచటనే యిసుకగుంట త్రవ్వించును; అది బంకరు. త్రోవ వంపు తిరిగినచోట లోపలి మూలను చెట్లు పెంచును. చెట్లమీదుగా దాటించినవానికి ఒక దెబ్బ మిగులును. కొమ్మకు తగిలెనా, రెండు పోవును. చుట్టు తిరిగి పోయినవానికి భయము లేదు, లాభమును లేదు. బంతి నీట పడిన ఒక దెబ్బ అపరాధము. ఎగుడుదిగుడున ఆగినను అచటనుండియే కొట్టవలెను. ఒక కాలు మెఱకను, ఒక కాలు పల్లమున నుంచి కఱ్ఱ విసరుట యెట్టిదో కొండవాలు చేలు దున్నినవారికి నేను చెప్పనక్కఱలేదు. పైగా మధ్యాహ్నము దాటిన సముద్రపుగాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలివాన విశాఖ చుట్టుపట్ల లెక్కలేనన్ని చెట్లను కూల్చినది. ఇట్టి మైదానమున ఒక మహావృక్షము కూలినచో ఆ మూల చిక్కే తొలగిపోవును.

గుంట చుట్టును నున్నగా కోసిన పచ్చికను గ్రీను అందురు. ఉష్ణదేశముల మైదానములందు పెక్కింటికి ఆధారమైన గడ్డి యేదనుకొంటిరి? మనము వినాయకునికి పెట్టు గరికయే! పొలమున కలుపని పీకివేయు దానిని అచట బిడ్డవలె పెంచుదురు.

ఇక మనబోటి సేద్యగాండ్రు అడుగదగిన ప్రశ్న నీటిని గూర్చినది. పదునెనిమిది గుంటలకు సాధారణముగా నూఱెకరములకు పైబడిన నేల కావలెను. మన చెఱువులు నెఱియలు వాఱిన వేసవిలో ఆ గరిక పచ్చగా నుండుటెట్లు? శుద్ధిచేసిన మురుగునీటితో తడుపుట పలుదేశములందు కలదు. గ్రీనులను మాత్రము తడిపి, తక్కిన నేలను ఎండకు విడుచుట మఱియొక దారి. నాకిదియే సమ్మతము. స్కాట్లాండు తీరమున ఈ యాట పెరిగిననాడు తడిపినది వాన, కోసినది గొఱ్ఱె.

నా శిష్యుడు కడపటి గుంటకు ఆరడుగుల దూరమున గొంతుకూర్చుండి నేల వాలు పరికించెను. తిన్నగా పోవునని వాని నిశ్చయము. "నాయనా, వాననీరు ఎడమకు పాఱిన చాలు కనబడుచున్నది, బంతియు నటే పోవును" అంటిని. వాడు నవ్వి తిన్నగనే కొట్టెను. బంతి జానెడు ఎడమగా పోయి నిలిచినది.