మట్టి కింద దాగుడుమూతలు!

కోస్తాలో బంగాళాదుంప, సీమలో ఉర్లగడ్డ, తెలంగాణలో ఆలుగడ్డ... పేరేదైనా అది లేని వంటిల్లు ఉండదు. బుట్ట అడుగున మొలకలేసిన దుంప కనిపిస్తే 'దీన్నే కుండీలో పాతేస్తే పోలా' అనిపించని వాళ్లూ ఉండరు. అలా ఏ జులైలోనో పాతేస్తారు. మొక్క గుబురుగా లేస్తుంది. ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. తీరా రెండు నెలలయ్యాక తవ్వి చూస్తే... వేళ్లు తప్ప ఏమీ ఉండదు!

తప్పు మట్టిది కాదు, వేసిన చేతిదీ కాదు. కాలానిది.

చలి రాత్రులు కావాలి

ఈ పంట పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అండీస్ పర్వతాలు. అందుకే రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉంటేనే దుంప బాగా ఊరుతుంది. వేడి పెరిగేకొద్దీ బలమంతా ఆకులకే పోతుంది. జహీరాబాద్ రైతులు రబీలో ఆలుగడ్డ వేసేదీ ఇందుకే. డాబా మీద కుండీకీ అదే లెక్క. అక్టోబరు చివర్లోనో నవంబరులోనో నాటుకుంటే సంక్రాంతి దాటాక తవ్వుకోవచ్చు. చలి అంతగా ఉండని ఊళ్లలో దిగుబడి తగ్గుతుంది. అలాంటిచోట వేడిని కాస్త తట్టుకునే 'కుఫ్రి సూర్య' రకం విత్తనం దొరికితే మేలు.

వేరు కాదు, కాండం!

దుంప మట్టిలో ఉంటుంది కాబట్టి వేరనుకుంటాం. నిజానికది ఉబ్బిన కాండం. దాని మీది 'కళ్లు' మొగ్గలే. అవే మొలకలవుతాయి. కొన్న దుంపలు మొలకెత్తకుండా మందు కొట్టినవి కావచ్చు కాబట్టి విత్తన దుంపలైతే నమ్మకం. పెద్దవాటిని ముక్కకు కనీసం రెండు కళ్లుండేలా కోసి, కోసినచోట ఆరేదాకా ఒకట్రెండు రోజులు నీడలో ఉంచాలి. పచ్చిగా పాతితే కుళ్లిపోతాయి.

అడుగున చిల్లులున్న పెద్ద గ్రో బ్యాగు గానీ పాత బియ్యం సంచి గానీ చాలు. మట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చి సగం వరకే నింపాలి. నాలుగంగుళాల లోతున, కళ్లు పైకి ఉండేలా ముక్కను పెట్టాలి. మొక్క జానెడు ఎదిగాక కొస ఆకులు వదిలేసి కాండం చుట్టూ మట్టి ఎగదోయాలి. పదిహేను రోజులకు మరోసారి. అసలు కిటుకు ఇదే. దుంపలు ఊరేది కప్పిన కాండం నుంచే మరి! పైగా వెలుగు తగిలిన దుంప పచ్చబడుతుంది. అందులో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. అలాంటివి వండకూడదు.

రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి. మట్టి తడిగా ఉండాలే తప్ప నీళ్లు నిలవకూడదు. టొమాటో, వంకాయ, మిరప వేసిన మట్టిని వెంటనే వాడొద్దు. అవన్నీ ఒకే కుటుంబం, తెగుళ్లూ ఉమ్మడే.

తొందర వద్దు!

కొత్తవాళ్లకు ఆగడమే కష్టం. 'ఊరిందా' అని వారానికోసారి కెలికితే లేత దుంపలు తెగిపోతాయి. 80 నుంచి 100 రోజులకు ఆకులు పసుపు రంగుకు తిరిగి వాలిపోతాయి. అప్పుడు నీళ్లు ఆపేసి, పది రోజులాగితే తొక్క గట్టిపడుతుంది.

ఆ రోజు సంచిని పాత దుప్పటి మీద బోర్లించి పిల్లల్ని పిలవండి. దొరికేది అరకిలోనే కావచ్చు. కానీ మట్టిలో వెతికి 'ఇదిగో ఇంకోటి' అని వాళ్లే ఏరుకున్న దుంపల వేపుడు... ఆ పూట గిన్నెలో మిగిలితే ఒట్టు!